రెండో రాక్‌లో నూట నలభై తొమ్మిది

గచ్చు మీద సుద్దముక్క కీచుమంటే చాలు, నాకు గని లాంప్ రూమ్ గుర్తొస్తుంది. ఇవాళ నా మనవరాలు స్నేహ ఇల్లంతా ప్రధాన సంఖ్యలు రాస్తోంది.

"అవ్వా, వెంటవెంట వచ్చే రెండు ప్రధాన సంఖ్యలకు ఆఖరి అంకె ఒక్కటే ఉండుడు అనుకున్నదానికన్న తక్కువట. పెద్ద పెద్ద లెక్కలోళ్లే పరేషానయిన్రట!" అంది.

"అది మా గని సార్ ఎప్పుడో చెప్పిండే! పెన్ను పట్టు, నేను చెప్పేది జల్ది రాయి!" అన్నాను.

మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. లాంప్ రూమ్‌లో ఊడ్చే పని. నా కన్నేమో, గనిలోకి దిగేవాళ్లకు దీపాలందించే కిటికీ మీద. షిఫ్టు అయ్యాక ఏ దీపం చోటు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అందుకే లాంప్ రూమ్ పెద్ద సామ్యేలు సార్ ఆ కిటికీని ఎవరికి పడితే వారికి ఇచ్చేవారు కాదు. ఆయనకు లెక్కల పిచ్చి.

దీపాలకు నంబర్లుండేవి, వరుసకు పది, రాక్‌కు వంద. అందుకే ఒకదాని కింద ఒకటి ఉన్న నంబర్లకు ఆఖరి అంకె ఒక్కటే. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగని నంబర్ల కింద నాచేత సుద్దగీతలు పెట్టించారు.

"ఒక గీత అయినంక నడుమ ఇంకో గీత లేకుండ, సక్కగ దాని కిందనే పడుతదా? చూసి చెప్పు. కిటికీ నీదే."

మధ్యాహ్నానికల్లా చెప్పేశాను. "పడదు సార్! వందా చూసిన."

"వంద చూసి లోకమంత చూసినట్టు చెప్తున్నవు. రెండో రాక్ ఎవలు చూడాలె?"

నా ముఖం మాడిపోయింది. కిటికీ చేజారినట్టే అనుకుంటూ రెండో రాక్ మొదలుపెట్టాను. నూట ముప్పై తొమ్మిది కింద గీత. నూట నలభై మూడు కిందా గీశాను, ఏడు దాకా భాగించి చూశాగా అని. చేయి ఆగింది. పదకొండు? పదకొండు పదమూళ్లు నూట నలభై మూడు! గబగబా చెరిపేశాను. ఇక తర్వాతి గీత నూట నలభై తొమ్మిది. సరిగ్గా నూట ముప్పై తొమ్మిది కిందే!

"దొరికింది సార్!" అని కేకేశాను.

దీపాల కోసం నిలబడ్డవాళ్లంతా నవ్వారు. "ఏందక్కా, బంగారం దొరికిందా?"

"బంగారం గాదన్నా, కిటికీ!"

సార్ కూడా నవ్వారు. "పడుతది గాని, శాన అరుదు. ఎందుకో నాకూ తెల్వదు."

మరునాటి నుంచి కిటికీ నాదే. అందరూ పైకొచ్చేశారని ఎవరు చెప్పినా సరే, ఆఖరి రాక్‌లో ఆఖరి దీపాన్ని చేత్తో తాకాకే రిజిస్టరు మూసేదాన్ని.

"ఎందుకో ఇంక పూర్తిగ రుజువు కాలేదట, అవ్వా," అంటోంది స్నేహ.

"ఐతే పెన్ను పక్కన పెట్టి సుద్దముక్క ఇటియ్యి," అన్నాను. "గచ్చు నిండితే వరండా ఉన్నది."