దొంగ కోసం వేసిన ఆముదం

మా కోల్డ్ స్టోరేజీ కంప్యూటర్లలోకి ఎవడో దూరి, లోపలున్న మిర్చిని నాశనం చేసిన రోజుని నేను మరిచిపోలేదు, మరిచిపోను. రోహిణి కార్తె ఎండలు. వాడు కూలింగ్ ఆపేసి, నా స్క్రీన్ మీద మాత్రం అంతా చల్లగా ఉన్నట్టు అంకెలు పెట్టాడు. తలుపులు తీసేసరికి వెచ్చటి ఘాటు మొహాన కొట్టింది. ఎర్రగా దాచిన కాయ రంగు దిగిపోయి బూజు పట్టింది. అందులో మా అన్నయ్య పంటంతా ఉంది.

ఆ కంప్యూటర్లు చూసుకునేది నేనే. నేనున్నానన్న ధైర్యంతోనే అన్నయ్య గుంటూరు దాకా వచ్చి మా దగ్గర సరుకు పెట్టాడు. గేటు దగ్గర రైతులందరి ముందూ "నా పంటని నీ కంప్యూటర్ తినేసింది" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. నాకు ఏడుపు రాలేదు. ఆ దూరినవాడి గొంతు పిసకాలనిపించింది.

తర్వాత మా స్టోరేజీవాళ్ళు ఏఐతో నడిచే కొత్త కాపలా కొన్నారు. మనిషిని అడక్కుండా దొంగని అదే పసిగట్టి, అదే అడ్డుకుంటుందట. బిగించడానికి వచ్చిన అమ్మాయిని మొదటి రోజే అడిగాను.

"వాడు మళ్ళీ వస్తే ఇది తిరిగి కొడుతుందా?"

"కొట్టకూడదు మేడం, చట్టం ఒప్పుకోదు. అయినా ఇటు చూడండి."

పోయినసారి వాడు వచ్చిన దారి చూపించింది. ఒంగోలులో రక్తపరీక్షలు చేసే ఒక చిన్న ల్యాబ్ కంప్యూటర్ అది. వాళ్ళకి తెలియకుండానే వాడు అందులో దూరి కూర్చున్నాడు. మనం కొడితే పడేది ఆ ల్యాబే. సరే వద్దన్నాను. మంచితనంతో కాదు, నా కసి వేరేవాళ్ళ మీద వృథా కావడం ఇష్టం లేక.

కొట్టే బదులు ఆ ఏఐ ఎర వేస్తుందని చెప్పింది. అచ్చం మా స్టోరేజీలాంటి ఉత్తుత్తి స్టోరేజీని కంప్యూటర్లో కట్టి, దొంగ రాగానే అందులోకి మళ్ళిస్తుంది. అక్కడ వాడు ఏం చేసినా అసలు గదులకి ఏమీ కాదు.

ఇది నాకు కొత్త కాదు. మా నాన్న మిరప చేను చుట్టూ ఆముదం వేసేవాడు. పురుగు మిరపని వదిలి ఆముదం ఆకుల మీద గుడ్లు పెట్టేది. ఆ ఆకులు కోసి కాలితో తొక్కడం అన్నయ్యదీ నాదీ పని. నేను పళ్ళు కొరుకుతూ తొక్కుతుంటే అన్నయ్య "చాల్లేవే, ఎప్పుడో చచ్చింది" అని నవ్వేవాడు.

ఈ వేసవి మొదట్లో దొంగ మళ్ళీ వచ్చాడు. నేరుగా ఆముదం మీదే వాలాడు. ఉత్తుత్తి గదుల్లో కూలింగ్ ఆపి, డబ్బిస్తేనే వదులుతానని బేరానికి దిగాడు. మా మెషిన్ భయపడ్డ గుమాస్తాలా జవాబులు రాసింది. "క్షమించండి సార్, మా ఓనర్ గారు ఊళ్ళో లేరు, కాస్త ఆగండి సార్." వాడు బెదిరిస్తాడు, ఇది బతిమాలుతుంది. వాడి ప్రతి కదలికా సైబర్ పోలీసులకి చేరుతోంది. రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని అదంతా చదువుతుంటే నా కడుపు చల్లబడేది.

అప్పుడే అన్నయ్యకి కబురు పెట్టాను. ట్రాక్టర్ నిండా మిర్చి టిక్కీ బస్తాలతో వచ్చాడు గానీ దించనివ్వలేదు. ముందు నమ్మకం కుదరాలి, లేదంటే వేరే స్టోరేజీకి పోతానన్నాడు. అసలు గదిలోకి తీసుకెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టించాను, చల్లగా ఉంది. తర్వాత దొంగ ఉడకబెడుతున్న ఉత్తుత్తి గదిని స్క్రీన్ మీద చూపించాను.

అన్నయ్య ఆ మెసేజీలు చదివి మండిపడ్డాడు.

"ఆ దొంగ వెధవని సార్, క్షమించండి అంటున్నావా?"

"నేను కాదన్నయ్యా, మెషిన్. వాడికి నా నోటి మాట ఒక్కటి కూడా దక్కలేదు."

అన్నయ్య జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. పోయినేడాది మా స్టోరేజీ కంప్యూటర్ నుంచి రైతులందరికీ ఒకేసారి వెళ్ళిన మెసేజ్ అది. జరిగిన అసౌకర్యానికి క్షమించండి అని ఉంది. ఇన్నాళ్ళూ చెరపకుండా ఉంచుకున్నాడు.

"మరి నాకు? నాకూ మెషిన్ చేతే చెప్పించావుగా" అన్నాడు.

ఏడాదంతా నేను దొంగనే తలుచుకున్నాను, అన్నయ్యని కాదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నీ పంట నా కాపలాలో పోయిందన్నయ్యా. తప్పయింది."

పర్లేదనలేదు. గేటు దగ్గరికి వెళ్ళి టిక్కీలు దించమని కేకేసి వచ్చాడు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని స్క్రీన్ వంక చూశాడు.

"వీడింకా చావలేదుగా, కానివ్వు" అన్నాడు.