యూరియా ఆపాక కనిపించినవి

రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు, వానాకాలం మధ్యలో, నన్ను ఉద్యాన అధికారిగా మచిలీపట్నం బదిలీ చేశారు. మా పని ప్రధానంగా మామిడి, అరటి, కూరగాయ తోటలతో. లాన్లు మా పరిధిలోకి రావు. అయినా ఎవరైనా అడిగితే వెళ్ళి సలహా చెప్పేవాళ్ళం. కోడూరు దగ్గర రాంబాబు గారి ఫంక్షన్ హాలుకు అలాగే వెళ్ళాను.

ఆయనది గుడివాడ. రొయ్యల చెరువుల మీద సంపాదించి, రోడ్డు పక్కన ఓ మెరక స్థలం కొని హాలు కట్టారు. ముందు భాగమంతా గరిక జాతికి చెందిన బెర్ముడా గడ్డి పరిపించారు. ముసురు రోజుల్లో యూరియా అంతా ఒకేసారి చల్లించడంతో గడ్డి మెత్తగా, ఏపుగా పెరిగి తెగులు పట్టింది. ఎక్కడికక్కడ గోధుమరంగు మచ్చలు తేలాయి. యూరియాలో ఉండేది నత్రజని. అది ఆకును తోస్తుంది. ఆకు ఆ జోరున పెరిగితే వేరు వెనకబడుతుంది. ఈ గడ్డికి ఎండలున్న నెలల్లో విడతలుగా, కొద్దికొద్దిగా ఇవ్వాలి. చలి మొదలయ్యే ముందే ఆపేసి, మళ్ళీ మాఘం దాటి వేడి పుంజుకున్నాక మొదలుపెట్టాలి. అప్పటిదాకా బస్తా విప్పొద్దని చెప్పాను. ఆయన విన్నారు.

డిసెంబరు మొదట్లో ఫోన్ చేశారు. “మేడం గారూ, ఒకసారి వచ్చి చూడండి. ఫోన్లో చెప్పేది కాదండీ.”

పొద్దున మంచు విడుతుండగా వెళ్ళాను. నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి కిందికి చూపించారు. చలికీ, నత్రజని అందకా లాన్ పసుపుబారి ఉంది. అది నేను ఊహించిందే. ఊహించనివి దాని మధ్యలో ఉన్నాయి. ముదురాకుపచ్చ చారలు, పక్కపక్కనే, అన్నీ ఉత్తర దక్షిణాలుగా. ఒక్కొక్కటి మనిషి పడుకుంటే సరిపోయేంత. కొన్ని అందులో సగం కూడా లేవు. గాలి వీచింది. పొట్టిగా ఉన్న పసుపు గడ్డి కదలలేదు. ఆ చారలు మాత్రం కదిలాయి.

“మొన్ననే గడ్డి కోసే మిషన్ తిప్పించానండి. అవే ముందు లేచాయి” అన్నారు రాంబాబు గారు.

ఎత్తులో తేడా వల్లే అవి అలా కదులుతున్నాయని నాకు తెలుసు. తెలిసినా, గాలి ఆగేదాకా చూశాకే ఇద్దరం మెట్లు దిగాం.

కింద, హాలు ఊడ్చే నాగరత్నమ్మ లాన్ అంచున చెప్పులు విడిచి నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. గడ్డి మీద అడుగు పెట్టలేదు.

“పెద్ద ఉప్పెనప్పుడు నేను మా మేనత్త వాళ్ళూళ్ళో ఉన్నానమ్మా. తిరిగొచ్చేసరికి మా అమ్మ లేదు, తమ్ముళ్ళిద్దరూ లేరు. ఈ మెరకల్లో ఎక్కడో పూడ్చారన్నారు. ఇదిగో ఇక్కడని చూపించినోళ్ళు లేరు” అంది.

రాంబాబు గారి మొహం పాలిపోయింది. “స్థలం అమ్మినవాళ్ళు నాకీ మాట చెప్పలేదండీ. వచ్చే వారం పెళ్ళి బుకింగ్ ఉంది. ఇప్పుడు యూరియా చల్లి నీళ్ళు పెడితే అంతా ఒకే రంగులోకి వచ్చేస్తుందా?”

చలిలో కాస్త నెమ్మదిగానైనా వస్తుందన్నాను. ముందు మట్టి చూడాలని కూడా చెప్పాను. ఇలాంటప్పుడు మచ్చ లోపలా బయటా మట్టి తీసి పోల్చడం పద్ధతి. దానికి వాడే మరచుట్టు గొట్టాన్ని ఆగరు అంటారు. పసుపు గడ్డిలో దించితే గట్టి బంకమట్టి, ఉప్పు పొరతో సహా, మొండికేసింది. చారలో దించితే నేను బలం పెట్టకుండానే దిగిపోయింది. నల్లగా, వదులుగా, తడిగా ఉన్న మట్టి. ఎప్పుడో తవ్వి పూడ్చిన నేల. అలాంటి చోట వేరు లోతుకు పోతుంది. అక్కడి సారం నుంచి నత్రజని కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. పైనుంచి మేం ఆపేసినా, కిందినుంచి అందుతూనే ఉంది.

రెండోసారి ఆగరు లాగితే మట్టితో పాటు ఆకుపచ్చ చేతిగాజు ముక్క వచ్చింది. వంపు చూస్తే పసిచేతిది.

నాగరత్నమ్మ వంగి చూసింది. “మావోళ్ళది కాదమ్మా. మా ఇంట్లో ఆడపిల్లని నేనొక్కదాన్నే.”

దాన్ని ఉన్నచోటే పెట్టి మట్టి కప్పేశాను. ఇంకో నమూనా తీయలేదు.

ఆవిడ రాంబాబు గారి వైపు తిరిగింది. “ఆ మందు కొన్నాళ్ళాగి చల్లించండి బాబూ. చల్లితే మళ్ళీ కనపడరు కదా. మా ఊరోళ్ళు ఓసారి చూసుకుంటారు.”

ఆయన పక్కకెళ్ళి ఫోన్ చేసి, పెళ్ళి విందు మేడ మీదికి మార్చుకోమని పెళ్ళివారిని బతిమాలారు.

మర్నాడు ఊరివాళ్ళు వచ్చారు. నేనూ ఉన్నాను. ఎవరూ ఏడవలేదు. ఏ చార ఎవరిదో ఎవరికీ తెలియదు. నాగరత్నమ్మ రెండు పొట్టి చారల మధ్య కూర్చుంది. కాసేపటికి లేచి, ఇంకో రెండింటి మధ్య కూర్చుంది. మధ్యాహ్నం దాకా అలా మారుతూనే ఉంది.

రాంబాబు గారు ఆ భాగం చుట్టూ చిన్న గోడ కట్టించారు. అందులో మిషన్ తిప్పరు, యూరియా వేయరు. ఎండలు ముదిరాక గడ్డంతా పచ్చబడి చారలు కలిసిపోయాయి. తర్వాతి చలికాలం మళ్ళీ వచ్చాయని కబురు పంపారు. నేను వెళ్ళలేదు.

ఎరువు నేలలోని తేడాను కప్పుతుందే తప్ప తీసేయదు. ఆ తర్వాత నా దగ్గర చేరిన కొత్త అధికారులకు ఒక పద్ధతి చెప్పాను. ఏ లాన్‌కైనా సలహా రాసే ముందు, నత్రజని ఆపిన కాలంలో దాన్ని ఒకసారి ఎత్తు మీద నుంచి చూడండి. ఆ నేల అంతకుముందు దేనికి వాడారో ఊరివాళ్ళని అడగండి. ఆగరు దించడం ఆ తర్వాత.