ఓబులేసు చేతి నలుగు

బేతంచెర్లలో నాపరాయి కోసేవాళ్ల వీపులన్నీ ఎరిగిన క్షౌరకుడు ఓబులేసు గత మంగళవారం ఉదయం పరమపదించాడన్న వార్త నన్ను నిశ్చేష్టుణ్ణి చేసింది. అద్దం ముందు సగం గీసిన గడ్డంతోనే వాళ్లింటికి పరుగెత్తాను. పెద్దకర్మ నాడు పంచే ఈ చిన్న పుస్తకానికి ఆయన ప్రాణమిత్రుడిగానే కాదు, నలుగు పెట్టే విద్యను ఆయనకు నేర్పిన గురువుగా కూడా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అంత్యక్రియలకు వచ్చిన జనసందోహాన్ని చూస్తే నాకు కన్నీటి కంటే ముందు అసూయ వచ్చింది. పాలిష్ ఫ్యాక్టరీలు ఒక పూట మిషన్లు ఆపేశాయి. అవే ఫ్యాక్టరీల్లో నేను ముప్పై ఏళ్లు మేస్త్రీగా చేశాను. నేను పోతే ఒక్క మిషనైనా ఆగుతుందా? పాడె మీద కూడా ఆయన ముఖం నిగనిగలాడుతోంది. పక్కనే నిలబడిన నా ముఖం ఎండకు బీటలిచ్చిన రేగడి. నా భార్య సుంకమ్మ ఏడుస్తూంటే, నాకోసం ఇందులో సగమైనా మిగులుస్తావా అని అడిగాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని పాడె వైపు నడిచింది.

ఆయనది మహత్తరమైన హస్తవాసి. శనివారం సాయంత్రం రాతిదుమ్ముతో తెల్లబడిన మనుషులు ఆయన అంగడి ముందు వరస కట్టేవారు. ఎవరినీ చూడగానే రుద్దేవాడు కాదు. ముందు ముంజేతిని వేలితో తడిమి, ఏది తగునో నిర్ణయించేవాడు. మొద్దుబారిన వీపుకు బీరపీచు. ముఖానికి పెరుగులో కలిపిన మెత్తని సున్నిపిండి. గరుకురాయి మాత్రం మడమలకే, అదీ వేడినీళ్లలో నానబెట్టిన తరువాతే. కొత్తవాళ్లకు మోచేతి మడతలో కాస్త పిండి రాసి, మంట పుట్టలేదంటేనే మరుసటి వారం రమ్మనేవాడు. పని ముగిశాక పాతపంచెతో అద్ది, చర్మం తడిగా ఉండగానే నువ్వులనూనె రాసి, రెండు రోజులు ఎండలో తల ఎత్తవద్దని ఆంక్ష పెట్టేవాడు. "రుద్దేది గడియ పనప్పా, కాపాడుకునేది వారం పని" అనేవాడు.

ఒకసారి మొటిమలతో బాధపడుతున్న ఆడపిల్లను తల్లి తీసుకొచ్చి, గట్టిగా రుద్దమని పట్టుబట్టింది. ఓబులేసు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇది రుద్దే చర్మం గాదమ్మా, విడిచిపెట్టే చర్మం. డాక్టరుకు చూపించు" అని పంపించేశాడు. చేతికొచ్చిన పనిని వదులుకున్నందుకు ఆయన కీర్తి మరింత పెరిగింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

పోటీగా నేనూ ఇంట్లో సున్నిపిండి చేశాను. నా మనవళ్లు రుద్దించుకుని గోల పెట్టి, ఓబులేసు తాత పిండే కావాలన్నారు. రహస్యం కనిపెడదామని ఆయన డబ్బాలోంచి పిడికెడు దొంగిలించి తెచ్చాను. పెసలు, ఎండిన బత్తాయి తొక్క, కస్తూరి పసుపు, వట్టివేర్లు. నా పిండిలోనూ అవే. దొంగతనం చేసీ ఓడిపోయానన్న దుఃఖం నాకింకా తీరలేదు.

ఇక నిజం ఒప్పుకోవాలి. గురువునన్నది కాస్త సాగదీసిన మాట. జరిగిందేమిటంటే, నా పెళ్లికి పది రోజుల ముందు, పెళ్లికొడుకు బుగ్గలు మెరవాలని నాకు దుర్బుద్ధి పుట్టింది. గరుకు బండను అద్దంలా మార్చే పాలిష్ రాయి చేతిలోనే ఉంది. బండకు పనికొచ్చేది బుగ్గకు పనికిరాదా అనుకుని, నీళ్లు చల్లుకుంటూ రెండు చెంపలూ బండను రుద్దినట్టే రుద్దాను. తెల్లారేసరికి ముఖమంతా పుండై రసి కారింది. ఓబులేసు చూసి, "ఏమప్పా, నీ మొగం యాపాటి చదరపు అడుగులనుకుంటివి?" అన్నాడు. సబ్బు మాన్పించాడు, పసుపు కూడా తగలనీయలేదు. చల్లని నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పైన పలచగా నెయ్యి రాస్తూ, నన్ను ఎండ సోకకుండా తన అంగడి వెనక గదిలో కూర్చోబెట్టాడు. మా తాతకు జబ్బుగా ఉందని ఆడపెళ్లివారికి కబురంపి, పెళ్లిని పదిహేను రోజులు వెనక్కి జరిపాను. వాళ్లకు నిజం నేటికీ తెలియదు. ఆ విద్య ఆయన నా ముఖం మీదే నేర్చుకున్నాడు కనుక, గురువును కాకపోయినా ఆయన అక్షరాలు దిద్దిన పలకనైనా నేనే.

అటువంటి చేయి ఈ సీమలో మరొకటి లేదు, ఇక రాదు. జీవితమంతా ఆ చేతిని చూసి ఓర్వలేకపోయిన నేను, ఇప్పుడు ఓర్వలేకపోవడానికి కూడా ఎవరూ లేక మిగిలాను. ఆ పుణ్యమూర్తికి నా బీటలువారిన చేతులతో నమస్కరిస్తున్నాను.

ఇంతవరకు రాసి సుంకమ్మకు చదివి వినిపించాను. ఆమె అన్న మాటలను ఉన్నవున్నట్టే కింద రాస్తున్నాను.

"నువ్వేం దాచినావు? మీ తాత కబురు వచ్చిన మర్సటి దినమే ఓబులన్న మా ఊరికి వచ్చినాడు. రాయితో మొగం రుద్దుకున్నాడని మా నాయనకు ఉండేది ఉండేట్టే చెప్పినాడు. మా నాయన సంబంధమే వద్దన్నాడు. పొద్దుగూకేదాకా ఓబులన్న మా అరుగు మీద నుంచి లేయలేదు. పుండు నేను మాన్పుతా, మానకపోతే అప్పుడు కాదనండి అన్నాడు. ఆయప్ప మాట మీదనే నన్ను నీకిచ్చినారు. నీకు తెలిస్తే చిన్నబోతావని, చెప్పొద్దని మా అందరి దగ్గర మాట తీసుకున్నాడు. ఆయప్ప అంగట్లోనే కూర్చోని నువ్వు గురువునని చెప్పుకుంటాంటే, ఆయప్ప తలకాయ ఊపుతాండె. పని నేర్చుకునింది వాళ్లమ్మ దగ్గర. నువ్వు గురువూ కాదు, పలకా కాదు. ఆ ముక్క కొట్టేసి ఇయ్యి."