నీళ్లాడిన కబురు

మా వైపు ‘నీళ్లాడింది’ అంటే కాన్పయిందని అర్థం. పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. తెలిసీ మా ఎదురింటామె దాన్ని ఎగతాళికి వాడింది. దానివల్ల జరిగినదానికి ఇంతవరకూ ఆమె నాతో “తప్పయింది” అనలేదు.

ఎనభైల మొదట్లో మేము తిరుపతిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అంతకు రెండేళ్ల ముందు నా మొదటి కడుపు ఏడో నెలలో పోయింది. ఆ రోజు పుత్తూరులో మా అత్తగారింట్లో ఉన్నాను. పొద్దున వీధి కొళాయి నుంచి రెండు బిందెల నీళ్లు తెచ్చాను. తెమ్మన్నది మా అత్తే. తర్వాత పలకరించడానికి వచ్చిన చుట్టాల ముందు ఆమె, “బిందెలు మోసి బిడ్డను పోగొట్టుకునింది” అంది. తెమ్మన్నదెవరో చెప్పలేదు. ఆ గదిలో ఎవరెక్కడ కూర్చున్నారో, ఎవరు తల ఊపారో ఈ రోజుకూ చెప్పగలను.

అప్పటినుంచి నాకు నీళ్లంటేనే భయం పట్టుకుంది. నిండు బిందె చూస్తే కడుపు మీదికి చెయ్యి పోయేది.

రెండోసారి ఆరో నెల దాటగానే నడుము పట్టేసింది. మంచం మీద నుంచి లేవాలంటే మా ఆయన రెండు చేతులూ పట్టుకుని లాగాలి. డాక్టరమ్మ చూసి, “నీళ్లలో నడువు, బరువు తెలీదు” అని ఊరి చివర తోటలో ఉండే ఒక రిటైరైన నర్సు దగ్గరికి పంపింది. ఆమె వేలూరులో పనిచేసినప్పుడు ఈ విద్య నేర్చుకుందట. తోటకు నీళ్లు పారించే సిమెంటు తొట్టిలో వారానికి రెండు పొద్దులు కడుపుతో ఉన్నవాళ్లచేత కసరత్తు చేయించేది.

నీళ్లు నా మొదటి బిడ్డను తీసుకున్నాయని అత్త అంటోంది. రెండో బిడ్డను ఆ నీళ్లలోనే దించమని డాక్టరమ్మ అంటోంది. ఎవరి మాట వినాలో తెలియక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అత్తకు చెప్పకుండా పోవడమే మేలనుకున్నాను.

తొట్టిలో నాతో కలిపి అయిదుగురం. పాత లంగా, పైన మా ఆయన చొక్కా. మొదటిరోజు నీళ్లలోకి దిగగానే లంగా గాలికి బూరెలా పొంగి పైకి తేలింది. అందరూ నవ్వారు. నేను గోడ వదల్లేదు. నర్సమ్మ గట్టు మీద నిలబడి, “కాలెత్తు మా, మెల్లిగా. ఒణ్ణు, రెండు, మూణు. గోడ యాడికీ పోదు, వదులు” అని అరవం కలిపి లెక్కపెట్టేది. మూడోవారానికి రొమ్ముల లోతు నీళ్లలో నడవగలిగాను. నడుము నొప్పి తగ్గింది. భయం తగ్గలేదు.

నేను తొట్టి నుంచి తిరిగొచ్చినప్పుడల్లా ఎదురింటామె, “ఏం మే, నీళ్లాడొచ్చినావా?” అని పళ్లికిలించేది. ఆమె మొగుడు పుత్తూరు బస్సుకు కండక్టరు. ఒకరోజు మొదటి ట్రిప్పులో పుత్తూరు బస్టాండులో మా అత్త కనబడి కోడలు ఎట్లుందని అడిగితే, ఆ మహానుభావుడు పెళ్లాం దగ్గర విన్నది విన్నట్టు, “బాగుండాది అత్తా, నీళ్లాడతా ఉండాదంట” అని టికెట్లు కొట్టుకుంటూ పోయాడు.

నాకు అప్పుడు ఏడో నెల.

ఆ పొద్దున నేను తొట్టిలో ఉన్నాను. ముందురోజు సాయంత్రం నుంచి బిడ్డ కదల్లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. నీళ్లలోకి దిగితే కదులుతుందేమోనని ఆశ. నర్సమ్మ లెక్కపెడుతోంది, నేను కాలెత్తుతున్నాను, మనసంతా కడుపులోనే ఉంది. రాయిలా ఉంది కడుపు.

గేటు చప్పుడైంది. మా అత్త. మా ఇంటికి తాళం చూసి, మూల అంగడాయన్ను అడిగితే “నర్సమ్మ తోటకు పోయింది” అన్నాడట. ఇంకేం, నిజమేననుకుంది. కొప్పు ఊడిపోయి, చంకలో సంచితో పరుగెత్తుకుంటూ వచ్చింది.

“యాడే బిడ్డ?”

“కడుపులోనే ఉండాది అత్తా.”

“నీళ్లాడినావంటనే!”

“నీళ్లలో ఆడతా ఉండా,” అన్నాను. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు.

అత్త గట్టు మీద కూలబడింది. సంచి ఒరిగింది. అందులోంచి మడత విప్పని తెల్లగుడ్డ ఒకటి జారింది. మూరన్నర ఉంటుందేమో. ఇంకేమీ లేవు. పొత్తిగుడ్డలు లేవు, బాలింతకు పెట్టే కాయం లేదు. ఏడో నెలలో నీళ్లాడిన కోడలి కోసం ఆమె ఏం తెచ్చిందో అందరికీ అర్థమైంది. నవ్వులు ఆగిపోయాయి.

నా బిడ్డ మీద కప్పడానికి అప్పుడే గుడ్డ తెచ్చింది. ఆ మాట అందామనే నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

“అత్తా, నిన్న సాయంత్రం నుంచి కదల్లేదు.”

ఆమె చీరతోనే తొట్టిలోకి దిగింది. నీళ్ల కింద నా కడుపు మీద రెండు చేతులూ పెట్టింది.

నర్సమ్మకు కోపమొచ్చింది. “చెప్పకుండా దిగినావా? లే పైకి!” అని లేపి, చాప మీద ఎడమ పక్కకు పడుకోబెట్టి, బెల్లం నీళ్లు తాపింది. కొయ్య బూర తెచ్చి కడుపుకు ఆనించి చెవి పెట్టింది. ఒకచోట వింది. ఇంకోచోట వింది. ఆమె ముఖమే చూస్తున్నాను.

“ఉండాది,” అంది.

అత్త నమ్మలేదు. బూర లాక్కుని తనూ చెవి పెట్టింది. “నాకేమీ వినపళ్లే” అని ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపుకో, బూర ఒత్తిడికో, కడుపులో నుంచి ఒక్క తన్ను. బూర కదిలింది. అత్త ఉలిక్కిపడి, “అమ్మ దొంగముండా!” అంది. నన్నో బిడ్డనో ఇప్పటికీ తెలియదు.

ఆ పూటే డాక్టరమ్మకు చూపించాం. భయం లేదంది. తొట్టికి పోవడం మాననక్కర్లేదంది. అత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను నీళ్లలో ఉన్నంతసేపూ గట్టు మీద కూర్చుని, “కదిలిందా?” అని అడుగుతూనే ఉండేది. బిందెల మాట మాత్రం ఎత్తలేదు.

తొమ్మిదో నెలలో అత్త ఒక్క పూట పుత్తూరుకు పోయినప్పుడే నాకు నొప్పులొచ్చాయి. మళ్లీ ఆ కండక్టరే కబురు మోశాడు.

“నీళ్లాడింది అత్తా.”

“ఏ నీళ్లు?” అందట అత్త. “సరిగ్గా చెప్పి చావు!”

“కాన్పు నీళ్లే. ఆడపిల్ల. ఇద్దరూ బాగుండారు.”

సాయంత్రం ఆసుపత్రికి వచ్చింది. నేను ఆమె ముఖం చూడలేదు, ముందు చంకలోని సంచి చూశాను. పాత నేతచీర చించిన మెత్తటి గుడ్డలు, కాయం సీసా. అన్నీ బయటికి తీసి, ఖాళీ సంచి దులిపి నాకు చూపించింది.

ఆ తెల్లగుడ్డను ఏం చేసిందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.