అత్తమ్మ చెప్పిన సీరియల్

ఆ సీరియల్‌లో అత్తగా వేసే ఆమెకు తెలుగే రాదన్న కబురు మాకు మొదట తెచ్చింది మా ఆడబిడ్డ. కోరుట్ల నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే చెప్పింది.

"పక్క రాష్ట్రపామెనట వదినె. ఆమె భాషల ఆమె మాట్లాడుతదట, మీదికెళ్లి తెలుగు గొంతు ఇంకెవలో పెడ్తరట."

ఇంకో ఇంట్లో అయితే ఇది విని మరిచిపోయే ముచ్చట. సిరిసిల్లలో మా ఇంటికి మాత్రం కాదు. మా ముందు గదిలో నాలుగు మరమగ్గాలు నడుస్తాయి, వాటినే మేం సాంచాలు అంటాం. వెనక గదిలో టీవీ. సాంచాలు నడుస్తున్నంతసేపు టీవీ ఎంత పెంచినా ఒక్క మాట వినబడదు. వాటి దగ్గర పనిచేసేవాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. అందులో మా అత్తమ్మను మించినవాళ్లు మా గల్లీలో లేరు. ముప్పై ఏళ్ల చప్పుడుకు ఆమె చెవులు పోయాయి గాని, గది ఆ చివర ఎవరి పెదవి కదిలినా పట్టేస్తుంది. పక్కిళ్లలోనూ ఇదే చప్పుడు, అందుకే సాయంత్రం ఏడింటికి అక్కడి ఆడవాళ్లు మా టీవీ ముందుకే వచ్చేవాళ్లు. తెర మీది పెదవులు అత్తమ్మ చూసేది. అత్తమ్మ పెదవులు మేం చూసేవాళ్లం.

అలా మూడేళ్లుగా మాకు తెలిసిన కథ ఒక్కటే. ఎప్పుడూ ఏడ్చే అత్త దేవత. నవ్వని కోడలు కంత్రీది. "అగో, మల్ల బీరువా తాళాలు అడుగుతున్నది సూడు" అనేది అత్తమ్మ.

ఆడబిడ్డ ఇంట్లో సాంచాల్లేవు. ఆమె ప్రతి మాటా విని చూస్తుంది. "ఏడ్సేదే దొంగ, అవ్వా. కోడలు పాపం ఇల్లు నిలవెడ్తున్నది. ఆళ్ల మూతులల్ల తెలుగే లేదు, మూడేండ్ల సంది నువ్వు నీ సొంత సీరియల్ చెప్తున్నవ్."

పక్కింటామె అందుకుంది. "ఇగ కథ రాసిందని పెద్దమ్మ పేరు గుడ తెర మీద ఎయ్యాలె."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అత్తమ్మ నవ్వలేదు. మరునాడు ఏడింటికి వంటింట్లో గోడ వైపు తిరిగి చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. తర్వాతి రోజూ అంతే. ఎవరు పలకరించినా కళ్లు దించేసేది. చెవులు లేని మనిషి కళ్లు దించితే ఇక మాట చేరే దారి ఉండదు.

నేను బడికి పోలేదు. జగిత్యాలలో మా నాన్న ఇంట్లోనే క్యాలెండర్ ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. పెళ్లై వచ్చాక, ఈ చప్పుడులో నా మాట ఎవరికీ చేరక ఏడుస్తుంటే, అత్తమ్మ నా గడ్డం పట్టుకుని "నా మూతి సూడు బిడ్డా" అని పెదవుల మాట నేర్పింది. ఆ ఇద్దరు గురువులను ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెడతాను. అలాంటి మనిషిని గోడకు వదిలేయనని గట్టిగా అనుకున్నాను.

ఆఖరి భాగం శుక్రవారం. దీపం పెట్టి, మా రాజన్న స్వామికి మొక్కుకున్నాను. మా బిడ్డ తన ఇయర్‌ఫోన్స్ టీవీకి కలిపి ఉంచింది. వంటింట్లోకి వెళ్లి అత్తమ్మకు ఎదురుగా కూర్చున్నాను.

"అత్తమ్మా, ఆళ్ల మూతి సూడకు. నా మూతి సూడు."

కళ్లెత్తలేదు. గడ్డం పట్టుకుని మళ్లీ చెప్పాను. మూడోసారికి చేయి పట్టుకుని లేపాను.

టీవీ పక్కన, ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని, ఆమె వైపు తిరిగి కూర్చున్నాను. నాకు తెర కనబడదు. చెవిలో పడ్డ ప్రతి మాటనూ పెదవుల మీద పెట్టాను. అత్త తప్పు ఒప్పుకుంది. కోడలు క్షమించింది. పక్కిళ్లవాళ్లు కూడా నా మూతినే చూశారు. దవడలు నొప్పి పెట్టినా ఆపలేదు.

అయిపోగానే అత్తమ్మ మూతి విరిచింది.

"గింతేనా? మూడేండ్లు సతాయించిందాన్ని ఒక్క ముచ్చటకు మాఫ్ జేసుడేంది? నేను చెప్పిందే నయముండె."

"నిజమే పెద్దమ్మా," అంది ఆనాడు నవ్వించిన పక్కింటామె. "సోమారం సంది కొత్తది వస్తదట. నువ్వే చెప్పాలె."

"ఆళ్లకు తెలుగొస్తదో లేదో ముందుగాల అడుగు," అంది అత్తమ్మ, ఆమె కళ్లలోకి చూస్తూ.

ఇప్పుడు రోజూ నేను టీవీ పక్కన కూర్చుంటున్నాను. మాటలు నేను చెబుతాను. ఎవరు మంచో ఎవరు చెడో అత్తమ్మ చెబుతుంది. మీ ఇంట్లో ఆ నటి బాగా చేసిందనో, ఈ కథ బాలేదనో మీరు వాదించుకునేటప్పుడు, ఆ మాటలు మీ చెవిన పడుతున్నందుకు ఒక్క దండం పెట్టుకుని, మా అత్తమ్మను తలుచుకోండి.