మల్లయ్య కాగితం మీద సంతకం

నలభై ఏళ్లుగా ఒక సంతకం నన్ను నిమ్మళంగా కూర్చోనివ్వడం లేదు. పేరు డాక్టర్ సాబుది, చెయ్యి నాది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నా ముఖం చూడరు గనక. అంతే.

సాయుధ పోరాటం నాటి మాట. జనగామ తాలూకాలో ఒక చిన్న సర్కారు దవాఖానలో నేను కంపౌండర్‌ని. డాక్టర్ సాబు వారానికి రెండు రోజులే వచ్చేవాడు. ప్రతి రోగి కాగితంలో జ్వరం, మందు రాయడం నా పని, కింద సంతకం ఆయన పని. ఆ సంతకం లేకుండా రోగిని ఇంటికి పంపకూడదు, పోలీసులైనా తీసుకుపోకూడదు. ఆయనకేమో బద్ధకం. జ్వరం కాగితాల మీద నన్నే గీకెయ్యమన్నాడు. గీకాను. ఆ ఉర్దూ సంతకాన్ని ఆయనకంటే అందంగా దించేవాణ్ణి. చాయ్ హోటల్లో నలుగురి ముందూ గీసి చూపించి మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

ఒకరోజు దేవరుప్పుల వైపు నుంచి మల్లయ్య అనే రైతును అతని భార్య ఎల్లమ్మ బండిలో తెచ్చింది. సంఘం మనిషి, దొరల మీద తిరగబడ్డవాడు. తొడలో తుపాకి గుండు. డాక్టర్ సాబు గుండు తీసి, పది రోజులు కదపొద్దని చెప్పి వెళ్లాడు.

మూడో రోజే పోలీసు అమీన్ వచ్చాడు. నయమైందని రాసిమ్మన్నాడు. డాక్టరు లేడన్నాను. నవ్వాడు. చాయ్ హోటల్లో నేను కొట్టిన గొప్పలు అమీన్ చెవిన పడ్డాయి. సంతకం పెట్టకపోతే నా దొంగ సంతకాల సంగతి పైకి రాస్తానన్నాడు. కొట్టలేదు, తుపాకి చూపలేదు. ప్రాణభయంతో చేశానని చెప్పుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో! కాదు. నౌకరీ పోతుందని భయం. పెట్టేశాను.

ఎల్లమ్మకు ఇంటికి పోవచ్చని చెప్పాను.

"సాబ్ చూసిండా అన్నా? ఒళ్లు ఇంక కాలుతనే ఉన్నది."

"చూసిండు. దస్కత్ జేసిండు."

"గట్లనా! సాబ్ జేసిండంటే నయమైనట్టే గదా."

ఎంత సంతోషపడిందో. తానే మగణ్ణి లేపింది, అంగీ తొడిగింది, భుజం ఆనించి గేటు దాకా నడిపించింది. గేటు అవతల పోలీసులున్నారని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. అప్పుడైనా ఒక్క కేక వేసి ఆపి ఉండవచ్చు కదా? గోడ వైపు తిరిగి సీసాలు సర్దుకుంటూ నిలబడ్డాను.

పారిపోతుంటే కాల్చి చంపామన్నారు పోలీసులు. ఆ కాలుతో పారిపోవడమా?

డాక్టర్ సాబు కాగితం చూశాడు, నన్ను చూశాడు. తన బద్ధకం కూడా బయటపడుతుందనేమో, కాగితం మడిచి పక్కన పెట్టేశాడు. నెల తిరక్కుండా ఎల్లమ్మ వచ్చింది. దవాఖాన ముందు మట్టి ఎత్తిపోసి డాక్టర్‌ను శపించింది. ఆమె గొంతు ఎండిపోతే నేనే నీళ్లిచ్చాను. తాగింది.

"గీ దవాఖానల నువ్వొక్కనివే మంచోనివి అన్నా," అంది.

తల ఊపాను. చేసిన వాటన్నిటిలో నన్ను ఎక్కువగా తినేది ఆ తల ఊపడమే.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, ఎల్లమ్మ ఉందో లేదో తెలియదు. ఆ సంతకం నాది. ఈ మాట రాసి, పెద్దగా చదువుకున్నాను. చివరిదాకా చదివాను.