ఊదారంగు పెన్సిలు

రాసే ముందు ప్రతిసారీ పెన్సిలు మొనను నాలుకకు తాకించేది కపిటోలీనా. తడి తగిలితేనే అది ఊదారంగులో రాస్తుంది. ఆ రాత ఇక చెరగదు. వ్యాత్కా నది ఒడ్డున మా జిల్లా కోర్టులో ఆమె పందొమ్మిదేళ్ళుగా గుమాస్తా. ఉండే గది కూడా కోర్టుదే.

"నాలుక చూపించండక్కా, ఇవాళ ఎంతమందిని లోపలికి పంపారో చెప్తాను" అనేవాణ్ణి. నేను అక్కడ బంట్రోతుని.

"నీ పేరు రాసే రోజున ఇంకాస్త తడి చేస్తాలే."

విన్నది విన్నట్టు చిత్తులో రాసేది. సాఫు ప్రతిలో మాత్రం న్యాయమూర్తి ప్రశ్నలు నున్నగా ఉండాలి. దాని మీద ఆయన సంతకం పడగానే చిత్తు పొయ్యిలోకి పోవాలి. మా కోర్టులో అదే ఆనవాయితీ.

యుద్ధం ముగిసిన ఏడో ఏడు, మార్చిలో, అవిసెనార కొట్టం తగలబడింది. బాయిలరు దగ్గర పనిచేసే ఎఫీమ్‌ను పట్టుకున్నారు. ఆ పగలంతా అతను జ్వరంతో తన ఇంట్లో, వెచ్చదనానికి ఇటుక పొయ్యి మీద కట్టుకునే పడకలోనే ఉన్నాడని అతని అక్క ఫెవ్రోన్యా సాక్ష్యం చెప్పింది.

"పగలంతానా?" న్యాయమూర్తి గెర్మాన్ ఇల్యీచ్ కళ్ళద్దాలు తీశాడు. "నిజంగానే? ఒక్కసారైనా బయటికి పోలేదూ?"

ఆమె తలగుడ్డ కొస నలిపింది. "పోయే ఉంటాడు లెండి... మీరంటున్నారంటే."

సాఫు ప్రతిలో ఇలా ఉంది: "ప్రశ్న: బయటికి వెళ్ళాడా? జవాబు: వెళ్ళాడు."

ఎనిమిదేళ్ళు వేశారు.

మూడో రోజు ఫెవ్రోన్యా వచ్చింది. మంచు కరిగిన నీళ్ళు ఆమె బూట్లలోంచి నేల మీద మడుగు కట్టాయి.

"ఆయన ఎట్లా అడిగాడో మీరు విన్నారు గదా, కపిటోలీనా జహారొవ్నా. పై కోర్టువాళ్ళు మా మొహాలు చూడరంట, కాగితమే చూస్తారంట. ఆ చిత్తుంటే ఇప్పించండి తల్లీ."

"రేపు రా" అంది కపిటోలీనా.

చిత్తు ఆమె సొరుగులోనే ఉంది. ఆ ఒక్కదాన్ని కాల్చకుండా లోపల పెట్టి తాళం వెయ్యడం నేను చూశాను.

సాయంత్రం గెర్మాన్ ఇల్యీచ్ టోపీ పెట్టుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"ఆ చిత్తు ఇంకా ఉంచలేదు కదా, కపిటోలీనా జహారొవ్నా?"

"లేదండీ. అప్పుడే కాల్చేశాను."

"అదే అనుకున్నాను."

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె పొయ్యి ముందు మోకాళ్ళ మీద ఉంది. సొరుగులోని ఊదారంగు రాతల కాగితాలు ఒక్కొక్కటే లోపల పెట్టి అగ్గిపుల్ల గీసింది. అవి అంటుకున్నాక పైన బర్చ్ కట్టెలు పేర్చింది.